మాట మీద బంధం.. కాగితం మీద హక్కు

బిడ్డకు ఆస్తి రాసిచ్చినా, ఉద్యోగంలో చేరినా, ఇల్లు అద్దెకిచ్చినా, ఆసుపత్రి మెట్లెక్కినా మన దగ్గర సగం వ్యవహారం నోటిమాట మీదే నడుస్తుంది. కొన్నేళ్లుగా వస్తున్న చట్టాలు, తీర్పులు మాత్రం ఒక్కటే అడుగుతున్నాయి: ‘రాసుకున్నారా?’

ఇద్దరు తల్లులు. ఒకరిది హర్యానా, ఇంకొకరిది మధ్యప్రదేశ్. ఇద్దరూ తాము బతికుండగానే ఆస్తి పిల్లల పేరిట రాసిచ్చారు. ఆ తర్వాత పిల్లలు తమను చూడటం లేదని, ఇచ్చింది వెనక్కి ఇప్పించమని అడిగారు. ఇద్దరూ పట్టుకున్నది ఒకే చట్టాన్ని: తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం-2007, సెక్షన్ 23. ఇద్దరి వ్యాజ్యాలూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2022 డిసెంబరులో హర్యానా తల్లి ఓడిపోయింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్ తల్లి గెలిచింది.

హర్యానా తల్లి రాసిచ్చిన హక్కు విడుదల దస్తావేజులో ‘నన్ను చూసుకోవాలి’ అన్న షరతు లేదు. అలాంటి ఒప్పందం ఉందని ఆమె తన దరఖాస్తులోనూ చెప్పలేదు. అయినవాళ్లకు ప్రేమతో ఇచ్చే ఆస్తికి అలాంటి షరతు ఉండితీరాలనేమీ లేదని, షరతు ఉందని రుజువు కావాలని కోర్టు అంది. మధ్యప్రదేశ్ తల్లి మాత్రం దాన దస్తావేజు చేసిన రోజే కొడుకు చేత విడిగా ఒక హామీపత్రం తీసుకుంది. కడదాకా చూసుకుంటానని, చూడకపోతే ఆస్తి వెనక్కి తీసుకోవచ్చని అందులో ఉంది. అది దొంగ కాగితమని కొడుకు వాదించాడు. హైకోర్టు డివిజన్ బెంచి అతడి పక్షానే నిలిచింది. సుప్రీంకోర్టు మాత్రం రెండు పత్రాలనూ కలిపి చదివి దానాన్ని రద్దు చేసింది. ఫిబ్రవరి 28లోగా ఆస్తిని తల్లికి అప్పగించమంది.

ఆ రెండు ఇళ్లలో ఎవరి కన్నీళ్లు ఎక్కువో కోర్టులు కొలవలేవు. కొలవగలిగింది కాగితాన్నే. కుటుంబం, కొలువు, కిరాయి, వైద్యం.. నాలుగు చోట్లా ఇటీవలి మార్పులను పక్కపక్కన పెట్టి చూస్తే ఇదే ధోరణి కనిపిస్తుంది. చట్టం కొత్త హక్కులిస్తోంది. కానీ వాటిని అందుకోవాలంటే అవసరం ముంచుకురాక ముందే రాసిపెట్టుకుని ఉండాలంటోంది.

పంచుకున్నారు సరే, రాసుకున్నారా?

ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇవ్వడంలో తెలుగు నేలది తొలి అడుగు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్లైన కూతుళ్లను అది పక్కనపెట్టింది. దేశమంతటికీ వర్తించే సవరణ 2005 సెప్టెంబరు 9న వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న చిక్కుముడి పదిహేనేళ్లు నలిగింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం దాన్ని విప్పింది: తండ్రి బతికి ఉండనక్కర్లేదు, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది.

ఆ తీర్పులో మన పల్లెలకు సూటిగా తగిలే మాట ఇంకొకటి ఉంది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను తిరగదోడరు. మరి పెద్దమనుషుల ముందు కూర్చుని నోటితో పంచుకున్నవి? తెల్లకాగితం మీద రాసుకున్న పారీకత్తులు? ‘మేమెప్పుడో పంచుకున్నాం’ అనే నోటి పంపకం వాదనను మామూలుగా ఒప్పుకోవద్దని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పంపకాన్ని బలపరిచే ప్రభుత్వ రికార్డులు గట్టిగా ఉన్న అరుదైన సందర్భాల్లోనే ఒప్పుకోవచ్చంది. పసుపు కుంకుమ కింద రెండెకరాలిచ్చాం, లెక్క చెల్లిపోయింది అనుకున్న అన్నదమ్ములు ఇప్పుడు ఆ లెక్కను కాగితంతో చూపించాలి. ఇదంతా ఉమ్మడి ఆస్తి సంగతి. తండ్రి స్వార్జితం ఎవరికివ్వాలో ఆయన ఇష్టం.

దాన సెటిల్‌మెంటు చేసే పెద్దలు మొదటి ఇద్దరు తల్లుల కథను డాక్యుమెంట్ రైటర్ దగ్గరకు వెళ్లకముందే గుర్తు చేసుకోవాలి. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య అని సామెత ఊరికే పుట్టలేదు. ‘జీవితాంతం తిండి, వైద్యం, ఉండటానికి చోటు చూడాలి, లేదంటే ఈ దానం రద్దవుతుంది’ అన్న వాక్యం దస్తావేజులోనే ఉంటే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్లోనే పని జరిగే వీలుంది. అక్కడ లాయరుతో పనిలేదు. నెలనెలా పోషణ ఖర్చు కూడా అడగవచ్చు. దీనికీ ఒక హద్దుంది. ఈ చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడలిని ఇంట్లోంచి వెళ్లగొట్టడం కుదరదని, గృహహింస చట్టం ఆమెకిచ్చిన నివాస హక్కును దీనితో కొట్టేయలేరని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

భార్యాభర్తల వ్యవహారంలోనూ కోర్టు కాగితాలే అడుగుతోంది. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాల అఫిడవిట్ వేయాలని, మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకట్టాలని 2020 నవంబరులో ఆదేశాలొచ్చాయి. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా అందరిలాగే నేర విచారణ స్మృతి కింద మనోవర్తి అడగవచ్చని 2024 జులై 10న వెలువడిన తీర్పు తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే.

కాగితమే సర్వస్వమనీ కాదు. 2024 ఏప్రిల్‌లో ఒక పైలట్ల జంట కేసు దీనికి రుజువు. పెళ్లి తంతు జరగకుండానే వాళ్లు ఓ సంస్థ ఇచ్చిన పత్రం చూపి వివాహ రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. హిందూ వివాహ చట్టం కింద సంప్రదాయం కోరిన తంతు జరగనిదే అది పెళ్లి కాదు, రిజిస్ట్రేషన్ దాన్ని పెళ్లి చేయలేదు అంది సుప్రీంకోర్టు. జరిగినదానికి కాగితం సాక్ష్యమిస్తుంది. జరగనిదాన్ని పుట్టించలేదు.

బేసిక్ తక్కువ, అలవెన్సులు ఎక్కువ.. ఇక చెల్లదు

2025 నవంబరు 21న 29 కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాలు, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత-ఆరోగ్యం-పని పరిస్థితులు.. ఇవీ ఆ నాలుగు. యాజమాన్యాలకు, సంఘాలకు వీటి మీద ఎడతెగని వాదనలున్నాయి. ముందస్తు అనుమతి లేకుండా కార్మికులను తగ్గించుకోగల సంస్థల పరిమితి 100 మంది నుంచి 300కు పెరిగింది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరైంది. ఈ రెండూ సంఘాలకు మింగుడుపడనివి. మధ్యతరగతి ఉద్యోగి జేబుకు నేరుగా తగిలేది మాత్రం ‘వేతనం’ లెక్క.

నెలకు 40 వేల జీతంలో బేసిక్, డీఏ కలిపి 12 వేలే చూపించి, మిగతా 28 వేలను ఇంటద్దె, ప్రయాణం, స్పెషల్ అలవెన్సులుగా చీల్చడం కంపెనీలకు అలవాటు. కొత్త లెక్కలో ఇలాంటి మినహాయింపులు మొత్తం జీతంలో సగానికి మించకూడదు. మించిన భాగం వేతనంలోనే కలుస్తుంది. అంటే ఇక్కడ వేతనం 12 వేలు కాదు, 20 వేలు. గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల వేతనం, నెలకు 26 రోజుల లెక్క. పాత పద్ధతిలో పదేళ్ల సర్వీసుకు సుమారు 69 వేలు చేతికొచ్చేది. ఇప్పుడదే లక్షా 15 వేలు దాటుతుంది. పీఎఫ్ కోత కొంత పెరిగి చేతికొచ్చే జీతం కాస్త తగ్గితే అది ఈ పెరుగుదలకు ముందుగా కట్టే మూల్యం.

నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అర్హత వచ్చింది. ఇతరులకు ఐదేళ్ల నియమం అలాగే ఉంది. రాజీనామా చేసినా, తీసేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ఫుల్ అండ్ ఫైనల్ కోసం హెచ్ఆర్ వాళ్లకు నెలల తరబడి మెయిళ్లు పెట్టుకునేవారికి ఇది పెద్ద ఊరట. పదిమంది, ఆపైన పనిచేసే సంస్థల్లో ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. దుకాణంలో ఇరవై ఏళ్లు పనిచేసినా ‘ఇక్కడ పనిచేసినట్టు రుజువేది?’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయిన గుమాస్తాలు మన బజారుల్లో ఎందరో ఉన్నారు. ఆ ఒక్క కాగితం విలువ వాళ్లకే తెలుసు.

యజమానికీ ఇది మేలే. పని గంటలు, నోటీసు కాలం, ఓవర్‌టైం ముందే రాసి ఉంటే రేపటి తగాదాలో సగం ఉండదు. తెలంగాణ 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకునే వీలిచ్చింది. వారానికి 48 గంటలు దాటితే మాత్రం ఓవర్‌టైం కట్టాల్సిందే. హాజరు పట్టీ సరిగ్గా లేని చోట ఈ లెక్క తేల్చేదెలా?

సంతకం ఉద్యోగినీ కట్టేస్తుంది. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించింది. ‘బాండ్లు కోర్టులో నిలవవులే’ అని సీనియర్లు చెప్పిన ధైర్యంతో సంతకం చేసే కుర్రాళ్లు ఈ తీర్పును ఒకసారి చదవాలి.

బండి మీద భోజనం మోసుకొచ్చే డెలివరీ బాయ్‌కి ఆఫర్ లెటర్ లేదు. సామాజిక భద్రత కోడ్ మాత్రం గిగ్ కార్మికులకు చట్టంలో తొలిసారి చోటిచ్చింది. యాప్ సంస్థలు తమ వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం వాళ్ల సంక్షేమ నిధికి జమ చేయాలి. అయితే అది తాము ఆ కార్మికులకు చెల్లించిన మొత్తంలో ఐదు శాతానికి మించనక్కర్లేదు.

పదకొండు నెలల మాయ

అద్దె ఒప్పందం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారు? ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది కనుక. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు నెలల స్టాంపు పేపరు, గడువు తీరాక ‘అలాగే ఉండండి’ అనే మాట. అక్కడి నుంచి ఇంటి ఓనరూ, అద్దెకుండేవారూ ఇద్దరూ కాగితం లేని చోట నిలబడతారు.

అద్దె నియంత్రణ చట్టం కాపాడుతుందిలే అనుకునేవారికి ఒక చేదు నిజం. ఉమ్మడి రాష్ట్రంలోని 1960 నాటి చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు. తెలంగాణ వారసత్వంగా తెచ్చుకున్నది ఆ చట్టాన్నే. ఇవాళ హైదరాబాద్‌లో 3,500కు ఒక గది దొరకడమూ గగనమే. అంటే నగరంలో అద్దె ఇళ్లలో అత్యధిక భాగం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందకు వస్తుంది. నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టు. ఓనరుకు అది ఏళ్ల నిరీక్షణ. ఒప్పందం లేని అద్దెదారుకు అది నెలలో సగం రోజుల గడువు.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ ముడిని విప్పాలని చూసింది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండి అద్దె అథారిటీకి చేరాలి. ఇంటికైతే అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. ఓనరు ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. గడువు తీరినా ఖాళీ చేయని అద్దెదారు తొలి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగింతలు కట్టాలి. పది నెలల అడ్వాన్సు కట్టి బెంగళూరులో దిగిన మన ఐటీ పిల్లలకు ఇందులో మొదటి నిబంధన ఎంతో తీపి. కానీ ఇది నమూనా మాత్రమే. అద్దె రాష్ట్రాల పరిధిలోని అంశం కనుక ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేసుకుంటేనే వర్తిస్తుంది. ‘దేశమంతా కొత్త అద్దె రూల్స్ వచ్చేశాయి’ అని వాట్సాప్‌లో తిరిగే సందేశాలు చాలావరకు ఈ నమూనాలోని వాక్యాలే. ఆంధ్రప్రదేశ్ అంతకుముందే, 2017లో, నివాస, నివాసేతర భవనాల అద్దెలకు కొత్త చట్టం చేసుకుంది.

పన్ను కూడా ఈ తలుపు తట్టింది. నెలకు 50 వేలు దాటిన అద్దె కట్టే వ్యక్తులు టీడీఎస్ మినహాయించాలి. ఆ రేటు 2024 అక్టోబరు 1 నుంచి ఐదు శాతం కాస్తా రెండు శాతమైంది.

ఒప్పందంలో అద్దె, గడువు కాక మరో మూడు సంగతులు రాసుకుంటే తగవులు చాలా తగ్గుతాయి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చు ఎవరిది? మెయింటెనెన్స్‌లో ఏమేం కలుస్తాయి? అడ్వాన్సు ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుంది? తాళం తీసుకున్న రోజు గోడలు, కుళాయిలు, గీజరు ఫొటోలు తీసి ఇద్దరూ వాట్సాప్‌లో పంచుకోవడం ఖర్చులేని సాక్ష్యం.

మంచం పట్టకముందే రాయాల్సిన మాట

2004 డిసెంబరులో హైదరాబాద్‌లో కండరాల క్షీణత వ్యాధితో మృత్యువుకు చేరువైన 25 ఏళ్ల చదరంగం ఆటగాడు హైకోర్టును ఒక కోరిక కోరాడు. తన అవయవాలు చెడిపోకముందే దానం చేయాలని, అందుకోసం తనను ముందే వెళ్లిపోనివ్వాలని. అతడి తల్లి అతడి తరఫున నిలబడింది. కోర్టు ఒప్పుకోలేదు. కొద్దిరోజులకే అతడు కన్నుమూశాడు.

అతడు అడిగింది ఇప్పటికీ మన చట్టం ఇవ్వదు. కానీ నయంకాని స్థితిలో కృత్రిమ ఊపిరి వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. గౌరవంగా మరణించడం గౌరవంగా జీవించే హక్కులో భాగమేనంది. ఆ పత్రాన్ని లివింగ్ విల్ అంటున్నారు. మెజిస్ట్రేటు సంతకం కావాలన్న నియమంతో అది తొలి అయిదేళ్లూ కాగితం మీదే మిగిలింది. 2023 జనవరి 24న కోర్టు దాన్ని సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. మన తరఫున ఎవరు మాట్లాడాలో అందులో రాయాలి. సమయం వచ్చినప్పుడు చికిత్స చేస్తున్న వైద్యుడు, కనీసం అయిదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు ఒక బోర్డుగా చూస్తారు. వాళ్ల అభిప్రాయాన్ని రెండో బోర్డు పరిశీలిస్తుంది. ఒక్కో బోర్డు 48 గంటల్లో తేలిస్తే మేలని కోర్టు చెప్పింది. కర్ణాటక 2025 జనవరిలో దీని అమలుకు ఉత్తర్వులిచ్చింది.

‘అశుభం మాట్లాడకు’ అని పెద్దవాళ్లను మనం ఆపేస్తాం. ఐసీయూ బయట ముగ్గురు పిల్లలు మూడు మాటలు మాట్లాడుతుంటే, లోపలున్న మనిషి కోరిక ఏమిటో తెలిపే రెండు పేరాలు ఆ ముగ్గురికీ ఆస్తికన్నా ఎక్కువ.

ఆసుపత్రిలో సంతకాలకు కొదవలేదు. వాటిలో ఏం రాసి ఉందన్నదే ప్రశ్న. పరీక్ష కోసం మత్తులో ఉన్న మహిళకు, ఆమె తల్లిని అడిగి గర్భసంచి తొలగించిన కేసులో 2008లోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: రోగి తెలివితో నిర్ణయం తీసుకోగల వ్యక్తి అయినప్పుడు, ప్రాణాపాయం లేనప్పుడు, సమ్మతి ఆమెదే కావాలి, పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదు. గర్భసంచి తొలగింపులు దేశంలోనే ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాల వరుసలో తెలుగు రాష్ట్రాలు ముందున్నాయి. ఈ తీర్పు మన ఆడవాళ్లు ఎరిగి ఉండాల్సిన తీర్పు.

చికిత్స రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా కేస్‌షీట్ నకలు రాతపూర్వకంగా అడగాలి. నిర్లక్ష్యం జరిగిందనిపిస్తే 2019 వినియోగదారుల చట్టం ఇంకో మేలు చేసింది. ఖమ్మం రోగి హైదరాబాద్‌లో వైద్యం చేయించుకున్నా ఖమ్మం కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే సాధారణంగా అయిదేళ్ల దాకా శిక్ష. వైద్యచికిత్సలో జరిగితే నమోదిత వైద్యుడికి అది రెండేళ్ల దాకానే.

ఆరోగ్య బీమా నిబంధనలూ 2024లో మారాయి. క్యాష్‌లెస్ అభ్యర్థనపై బీమా సంస్థ గంటలో తేల్చాలి. డిశ్చార్జి అనుమతి మూడు గంటలు దాటితే అదనంగా పడే ఆసుపత్రి ఖర్చు బీమా సంస్థదే. అప్పటికే ఉన్న జబ్బులకు నిరీక్షణ మూడేళ్లు మించకూడదు. వరసగా 60 నెలలు ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప ‘అప్పుడు చెప్పలేదు’ అని క్లెయిము కొట్టేయకూడదు. ఆ అయిదేళ్లలోపు మాత్రం ప్రపోజల్ ఫారమే మన జాతకం. దాన్ని ఏజెంటు గబగబా నింపి, షుగర్, బీపీ గళ్లలో ‘లేదు’ అని టిక్కు పెట్టి సంతకం అడుగుతాడు. క్లెయిము పోయేది అక్కడే. తిరస్కరిస్తే 50 లక్షల దాకా విలువైన వివాదాలను హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ ఉచితంగా వింటారు.

కాగితం రాసేది ఎవరు?

ఇక్కడే అసలు చిక్కు. కాగితం అడగడం తేలిక. కానీ దాన్ని రాసేది ఎప్పుడూ బలమున్నవాళ్లే. బాండు కంపెనీ రాస్తుంది, అద్దె ఒప్పందం ఓనరు తెస్తాడు, సమ్మతి పత్రం ఆసుపత్రి అచ్చు వేస్తుంది, ఫారం ఏజెంటు నింపుతాడు, దస్తావేజు ‘నాన్నా, ఇక్కడ సంతకం’ అంటూ కొడుకు పట్టుకొస్తాడు. చదవనివ్వని కాగితం నోటిమాట కన్నా ప్రమాదం. నోటిమాటనైతే కనీసం కాదనవచ్చు. అందుకే రాయించుకోవడం ఎంత ముఖ్యమో, ‘రేపు చదివి సంతకం పెడతా’ అనడమూ అంతే ముఖ్యం. తెలుగులో చదివి వినిపించమని అడగడం నామోషీ కాదు. నకలు తీసుకోకుండా లేవకపోవడం మర్యాద తప్పడమూ కాదు.

రాసుకుంటే నమ్మకం పోతుందన్న భయం మన ఇళ్లలో బలంగా ఉంది. ‘నన్ను నమ్మవా?’ అన్న ఒక్క మాటతో ఎన్నో పత్రాలు పుట్టకముందే ఆగిపోతాయి. మనసులో ఒకటి పెట్టుకోనివాడికి, ఒప్పుకున్నది రాయడంలో పోయేదేముంది? ఆ మాట అడ్డుపెట్టినప్పుడు నష్టపోయేది ఎప్పుడూ అడగడానికి మొహమాటపడినవాళ్లే: వయసు మళ్లినవాళ్లు, ఆడపడుచులు, కొత్తగా కొలువులో చేరినవాళ్లు.

ఇంత మార్పులోనూ చట్టం ఇంకా తొక్కని గడప ఒకటుంది. మన వంటింట్లో అంట్లు తోమే మనిషిది. ఇల్లు ‘సంస్థ’ కాదు కనుక నియామక పత్రం, గ్రాట్యుటీ, ఓవర్‌టైం ఏవీ ఆమె దాకా రావు. ఇంటి పనివారికి చట్టపరమైన రక్షణ ఎలా ఉండాలో కమిటీ వేసి పరిశీలించమని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. కూతురిగా వాటా అడిగేవాళ్లం, ఉద్యోగిగా ఫుల్ అండ్ ఫైనల్ అడిగేవాళ్లం, అద్దెదారుగా అడ్వాన్సు అడిగేవాళ్లం ఈ ఒక్కచోట యజమానులం. నెల జీతం ఎంత, వారానికి సెలవు ఎప్పుడు, జ్వరమొస్తే కోత ఉందా లేదా, ఏటా ఎంత పెంచుతాం.. ఈ నాలుగు ముక్కలు ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, ఒక నకలు ఆమెకివ్వడానికి ఏ కమిటీ నివేదికా అక్కర్లేదు.